ఇంట్లోనే బైక్ చైన్ సరిచేసుకోవడం: మొదటి కొలత నుంచి చివరి నట్టు దాకా

ఆదివారం పొద్దున సెల్లార్‌లో బండి పక్కన పీట వేసుకుని కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు దిగివస్తారు. అడిగేది ఒక్కటే. "చైన్ లూజైపోయిందండీ, ఎంత బిగించాలి?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే. "ఎంత వదులు ఉంచమని మీ బండి పుస్తకంలో ఉంది?" చాలామంది ఆ పేజీ ఎప్పుడూ తెరిచి ఉండరు. విడివిడిగా పదిమందికి చెప్పిందే ఇక్కడ మొదటి నుంచి వరసగా రాస్తున్నాను. మొదటిసారి చేసేవాళ్లు గంటన్నర పెట్టుకోండి. అలవాటైతే అరగంట పని.

## 1. పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం

చైన్‌కు కొంత వదులు కావాలి. గోతిలో పడినప్పుడు, వెనక మనిషి కూర్చున్నప్పుడు వెనక చక్రం పైకి లేస్తుంది. చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగార్మ్ తిరిగే కేంద్రం ఒకచోట, ఇంజన్ దగ్గరి చిన్న స్ప్రాకెట్ (చైన్ ఎక్కి తిరిగే పళ్ల చక్రం) కేంద్రం ఇంకోచోట ఉంటాయి. అందుకే చక్రం లేచేకొద్దీ ఆ స్ప్రాకెట్‌కూ, వెనక చక్రం స్ప్రాకెట్‌కూ మధ్య దూరం పెరిగి, చైన్ బిగుసుకుంటుంది. ఖాళీ బండి మీద బిగుతుగా కనబడిన చైన్, ఇద్దరు ఎక్కాక ఇంజన్ షాఫ్టునే లాగడం మొదలుపెడుతుంది.

ఒకసారి విశాఖ నుంచి అరకు బయల్దేరే ముందురోజు రాత్రి, సరైన వెలుతురు లేకుండా, చేత్తో నొక్కి చూసి చైన్ బిగించేశాను. పెందుర్తి దాటాక వెనక నుంచి సన్నగా కూత మొదలైంది. శృంగవరపుకోటలో ఆగి, నా స్నేహితుణ్ణి సీటు మీదే ఉండమని చైన్ నొక్కితే వేలికి అసలు లొంగలేదు. ఘాట్ ఎక్కకముందే అక్కడే వదులు చేసుకున్నాం. ఆ రోజు నుంచి స్కేలు లేకుండా చైన్ ముట్టుకోలేదు.

బాగా వదులైన చైన్ కూడా ప్రమాదమే. పళ్ల మీద నుంచి జారి వెనక చక్రాన్ని పట్టేయొచ్చు, ఇంజన్ కేసును కొట్టి పగలగొట్టొచ్చు. కొలత ఆ రెండింటి మధ్యలో ఉండాలి. ఎటు తప్పినా తప్పే, కానీ రెండు మిల్లీమీటర్ల తేడా తప్పదనుకుంటే వదులు వైపే ఉంచండి.

## 2. ఏమేమి దగ్గర పెట్టుకోవాలి

- ఇరుసు నట్టుకు సరిపడే రింగ్ పానా లేదా సాకెట్. బండిని బట్టి 17, 19, 22, 24 సైజుల్లో ఏదో ఒకటి. రెండో వైపు ఇరుసు తిరగకుండా పట్టుకోవడానికి ఇంకోటి
- అడ్జస్టర్ (ఇరుసును ముందుకు, వెనక్కి జరిపే మర) నట్లకు 10, 12, 13, 14 పానాల్లో మీ బండికి పట్టేవి
- స్టీలు స్కేలు. గుడ్డ టేపు వద్దు
- తెల్ల మార్కర్
- కిరోసిన్ లేదా చైన్ క్లీనర్, మెత్తటి బ్రష్, పాత బనియన్ గుడ్డలు
- చైన్ స్ప్రే లేదా 90 నంబర్ గేర్ ఆయిల్
- కింద పరచడానికి అట్టముక్క, తలకు పెట్టుకునే టార్చ్
- బండితో వచ్చిన పుస్తకం

ఇరుసు నట్టుకు నోరు తెరిచి ఉండే పానా వాడొద్దు. అది జారితే నట్టు అంచులు గుండ్రమవుతాయి, తర్వాత ఏ పానాకూ లొంగదు.

బండి సమతలంగా ఉన్నచోట నిలబడాలి. కొండవాలు వీధుల్లో ఇళ్లున్నవాళ్లు గేటు ముందు ర్యాంపు మీద ఈ పని చేయొద్దు. మెయిన్ స్టాండు లేని బండికి వెనక లేపే స్టాండు ఒకటి కొనుక్కోవడం మంచిది. ఇటుకల మీద నిలబెట్టే ప్రయోగాలు చేయకండి.

పని జరుగుతున్నంతసేపూ తాళం చెవి జేబులో ఉండాలి, బండి న్యూట్రల్‌లో ఉండాలి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజన్ నడిపి, గేరులో వేసి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ పట్టేవాళ్లు ఉన్నారు. గుడ్డను చైన్ లాక్కుంటే వేలు కూడా దాంతోపాటే వెళుతుంది. చేత్తో తిప్పుతున్నప్పుడు కూడా వేళ్లు స్ప్రాకెట్‌కు దూరంగా ఉండాలి.

## 3. ముందు కడగండి, తర్వాతే కొలవండి

మన ఊళ్లో ఈ మెట్టు దాటేయడానికి లేదు. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి, రుషికొండ వైపు గాలిలో రాత్రంతా నిలబడే బండికి లింకుల మధ్య ఉప్పు చేరి తుప్పు పడుతుంది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు తిరిగేవాళ్ల చైన్‌కు దుమ్ము పట్టి, పాత ఆయిల్‌తో కలిసి నల్లటి ముద్ద అవుతుంది. ఆ ముద్ద ఉప్పుకాగితంలా చైన్‌ను అరగదీస్తుంది. తుప్పుతో పట్టేసిన లింకు సరిగా మడవదు కాబట్టి ఆ చోట చైన్ బిగుతుగా ఉన్నట్టు కనబడి మీ కొలతను తప్పుదారి పట్టిస్తుంది.

బ్రష్‌ను కిరోసిన్‌లో ముంచి చైన్ నాలుగు వైపులా రుద్దండి. ఐదు నిమిషాలు ఆగి పొడిగుడ్డతో తుడవండి. ముద్ద ఇంకా వస్తుంటే రెండోసారి రుద్దండి.

రెండు పనులు చేయొద్దు. పెట్రోలు వాడొద్దు. లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్లను అది పాడుచేస్తుంది, పైగా మూసిన సెల్లార్‌లో పెట్రోలు ఆవిరి నిప్పుతో సమానం. ఇనుప తీగల బ్రష్ కూడా వద్దు. రబ్బరు చిరిగిందంటే లోపలి గ్రీజు కారిపోతుంది.

## 4. కొలిచే పద్ధతి

ముందు మీ బండి లెక్క తెలుసుకోండి. స్వింగార్మ్ మీద గానీ చైన్ కవర్ మీద గానీ స్టిక్కర్ ఉండొచ్చు. పుస్తకంలో అయితే తప్పకుండా ఉంటుంది. రోజువారీ 100 నుంచి 160 సీసీ బండ్లలో ఎక్కువవాటికి ఇది 20 నుంచి 35 మి.మీ. మధ్యలో ఉంటుంది. కొండదారుల కోసం చేసిన, సస్పెన్షన్ పొడవుగా ఉండే బండ్లకు ఇంకా ఎక్కువ కావాలి. పక్కింటి బండి లెక్క మీ బండికి పనికిరాదు.

అదే పేజీలో ఏ స్టాండు మీద కొలవాలో కూడా చూడండి. కొన్ని కంపెనీలు సైడ్ స్టాండు మీద కొలవమంటాయి, కొన్ని మెయిన్ స్టాండు మీద. రెండింటికీ కొలత మారుతుంది.

ఇక కొలవడం:

1. రెండు స్ప్రాకెట్లకు సరిగ్గా మధ్యలో, చైన్ కింది వరస దగ్గర కూర్చోండి.
2. స్కేలును నిలువుగా చైన్ పక్కన పట్టుకోండి.
3. చైన్‌ను వేలితో కిందికి నొక్కి, ఒక పిన్ను మధ్యభాగం ఏ అంకె దగ్గరుందో చూడండి.
4. అదే పిన్నును పైకి నెట్టి మళ్లీ చూడండి.
5. రెండు అంకెల మధ్య తేడాయే మీ చైన్ వదులు.

కొంతమంది కిందికి నొక్కినంత మేరే లెక్కేస్తారు. అలా కొలిస్తే సగమే వస్తుంది, చైన్ బిగుతుగా ఉందని పొరబడతారు.

చైన్‌కు పూర్తి కవర్ ఉన్న బండ్లలో కింద ఒక రబ్బరు మూత ఉంటుంది. అది తీసి ఆ రంధ్రంలోంచే చూడాలి.

బిగుతు చోటు వెతకడం. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా తొందరలో వదిలేస్తారు. వాడిన చైన్ అంతటా ఒకేలా సాగదు. ఒకచోట 32 మి.మీ. ఉంటే ఇంకోచోట 24 ఉండొచ్చు. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఐదారు చోట్ల కొలవండి. చైన్ ఒక పూర్తి చుట్టు రావాలంటే వెనక చక్రం సుమారు మూడు చుట్లు తిరగాలి. కాబట్టి చక్రం ఒక్క చుట్టుతో ఆపేయకండి. అన్నిటికంటే తక్కువ వదులు వచ్చిన చోట మార్కర్‌తో గీత పెట్టండి. ఇక సర్దుబాటంతా ఆ గీత మధ్యలో ఉన్నప్పుడే జరగాలి. వదులు చోట సరిచేస్తే, తిరిగి బిగుతు చోటు వచ్చేసరికి షాఫ్టు మీద లాగుడు మొదలవుతుంది.

గీత దగ్గర కొలత పుస్తకంలోని హద్దుల్లోనే ఉందా? అయితే పానా తీయకండి. ఆయిల్ వేసి లేచిపోండి. చైన్ చప్పుడు చేస్తోందని నా దగ్గరికి వచ్చిన బండ్లలో కొన్నిటికి కావలసింది ఆయిలే, బిగింపు కాదు.

## 5. ఈ చైన్‌ను సరిచేయడంలో అర్థం ఉందా?

అరిగిపోయిన చైన్‌ను ఎన్నిసార్లు బిగించినా వారానికే వదులవుతుంది. మూడు చోట్ల చూడండి.

వెనక స్ప్రాకెట్‌కు చివరన, అంటే మడ్‌గార్డ్ వైపు, చైన్‌ను వేళ్లతో వెనక్కి లాగండి. పంటి నుంచి సగానికి పైగా పైకి లేస్తే చైన్ అయిపోయినట్టే. పళ్లు నిటారుగా కాకుండా ఒకవైపుకు వంగి కొక్కేల్లా మారితే స్ప్రాకెట్ కూడా అయిపోయింది. అడ్జస్టర్ చివరి గీత దాకా వచ్చేస్తే ఇక లాగడానికి చోటే లేదు.

స్కేలుతో తేల్చుకోవాలంటే, చిన్న బండ్లలో ఎక్కువగా వాడే 428 రకం చైన్ (లింకు పలక మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది) కొత్తదైతే 20 లింకుల పొడవు, అంటే 1వ పిన్ను మధ్య నుంచి 21వ పిన్ను మధ్య దాకా, 254 మి.మీ. చైన్‌ను లాగి పట్టి కొలవండి. 256.5 దాటితే కొత్తదానికి డబ్బు పక్కన పెట్టుకోండి. 259 వచ్చిందంటే ఇక ఆ చైన్‌తో ఘాట్ ఎక్కొద్దు. మీ పుస్తకంలో ఇంతకంటే తక్కువ హద్దు ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.

మార్చేటప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగానే మార్చండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే కొత్తది కూడా త్వరగా పోతుంది.

## 6. వదులు చేసే వరస

1. ఇరుసు నట్టుకు కాటర్ పిన్ (నట్టు ఊడకుండా గుచ్చి కొనలు వంచే పిన్ను) ఉంటే నిటారుగా చేసి లాగేయండి. తిరిగి పెట్టేటప్పుడు కొత్తది వాడండి, అది ఖరీదైన వస్తువు కాదు.
2. ఇరుసు నట్టును వదులు చేయండి. పూర్తిగా తీయొద్దు. ఒకటి రెండు చుట్లు చాలు.
3. డ్రమ్ము బ్రేకు ఉన్న బండికి బ్రేకు పలకను ఫ్రేముకు కలిపే కడ్డీ ఉంటుంది. దాని నట్టు గట్టిగా ఉంటే చక్రం సరిగా కదలదు. దాన్నీ కొద్దిగా వదలండి.
4. బ్రేకు రాడ్ చివరన ఉండే నట్టును నాలుగైదు చుట్లు వెనక్కి తిప్పండి.
5. రెండు వైపులా అడ్జస్టర్ లాక్ నట్లు వదులు చేయండి.

హోండా, హీరో కమ్యూటర్ బండ్లలో కొన్నింటికి చైన్ వైపు ఇంకో పెద్ద నట్టు ఉంటుంది. దాన్ని స్లీవ్ నట్టు అంటారు. అది వదలకుండా అడ్జస్టర్ తిప్పితే ఒకవైపే కదిలి చక్రం వంకరవుతుంది. "ఎంత తిప్పినా చైన్ వైపు రావట్లేదు" అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

## 7. పావు చుట్టు, మళ్లీ కొలత

పని అసలు సారం ఇక్కడుంది, తొందరపడకండి.

మార్కర్ గీత ఉన్న లింకు కింది వరస మధ్యలోకి వచ్చేలా చక్రాన్ని తిప్పి ఉంచండి. కుడి అడ్జస్టర్ పావు చుట్టు తిప్పండి. ఎడమది కూడా పావు చుట్టే. కొలవండి. చాలకపోతే ఇంకో పావు చుట్టు.

ఎందుకింత నెమ్మది? మామూలు అడ్జస్టర్లలో ఒక పూర్తి చుట్టుకు ఇరుసు కదిలేది మిల్లీమీటరో, మిల్లీమీటరు పావో. కానీ ఇరుసు ఒక్క మిల్లీమీటరు వెనక్కి జరిగితే చైన్ పై వరస, కింది వరస రెండూ బిగుస్తాయి. మధ్యలో ఆడే వదులు ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. 45 మి.మీ. ఉన్న చైన్‌ను 25కి తేవడానికి అర చుట్టు సరిపోవచ్చు. నేరుగా రెండు చుట్లు తిప్పేవాళ్ల చైన్ తీగలా బిగుసుకుపోయేది అందుకే.

ఎటు తిప్పితే బిగుస్తుందో బండిని బట్టి ఉంటుంది. స్వింగార్మ్ చివర మూత మీద నట్టు ఉండి అది ఇరుసును వెనక్కి లాగే రకమైతే, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. మిగతా రకాలకు కొద్దిగా తిప్పి ఇరుసు ఎటు కదిలిందో కళ్లతో చూసుకుని ముందుకెళ్లండి. పాత బుల్లెట్ లాంటి బండ్లకు బోల్టు బదులు గాట్లున్న క్యామ్ పలక ఉంటుంది. వాటికి చుట్లు లెక్కపెట్టే పని లేదు. రెండు వైపులా ఒకే గాటు పడితే చాలు.

ఎక్కువ బిగించేశారా? అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పినంత మాత్రాన చక్రం ముందుకు రాదు. సీటు వెనక నిలబడి టైరును అరచేతులతో ముందుకు గట్టిగా తోయండి. రెండు వైపులా అడ్జస్టర్‌కు ఇరుసు ఆనుకున్నాకే మళ్లీ కొలవండి.

## 8. చక్రం నేరుగా ఉందా?

స్వింగార్మ్ మీద రెండు వైపులా గీతలుంటాయి. అడ్జస్టర్లు రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. ఇది మొదటి పరీక్ష మాత్రమే, ఎందుకంటే పడిలేచిన బండ్లలో ఆ గీతలను పూర్తిగా నమ్మలేం. స్వింగార్మ్ తిరిగే బోల్టు మధ్య నుంచి ఇరుసు మధ్య దాకా రెండు వైపులా కొలవండి. సైలెన్సర్ అడ్డొస్తే గట్టి తీగను కొలబద్దలా వాడి పోల్చుకోవచ్చు.

తర్వాత బండి వెనక నేలకు వంగి, స్ప్రాకెట్ మీదుగా చైన్‌ను చూడండి. చైన్ పళ్ల మధ్యలో కూర్చుని తిన్నగా ముందుకు పోవాలి. స్ప్రాకెట్ పళ్లకు ఒక పక్క మాత్రమే మెరుపు కనబడితే ఇన్నాళ్లూ వంకరగానే నడిచిందని అర్థం.

## 9. ఇరుసు నట్టు బిగించేటప్పుడు కొలత మారకుండా

అంతా సరిగా కొలిచి, నట్టు బిగించాక చూస్తే ఐదు మిల్లీమీటర్లు తేడా! దీనికి మెకానిక్కులు చేసే ఒక పని ఉంది. మడత పెట్టిన మందపాటి గుడ్డను చైన్ కింది వరసకు, వెనక స్ప్రాకెట్‌కు మధ్య పెట్టి, చక్రాన్ని ముందుకు తిప్పండి. గుడ్డ ఇరుక్కుని చైన్ బిగుసుకుంటుంది, ఇరుసు ముందుకు వచ్చి అడ్జస్టర్లకు ఆనుకుంటుంది. ఆ స్థితిలోనే నట్టు బిగించాలి. గుడ్డ చివర పట్టుకోండి, వేళ్లు స్ప్రాకెట్ దరిదాపుల్లో ఉండకూడదు.

స్లీవ్ నట్టు ఉంటే ముందు అది, తర్వాత ఇరుసు నట్టు, తర్వాత బ్రేకు కడ్డీ నట్టు, చివర అడ్జస్టర్ లాక్ నట్లు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) ఉంటే పుస్తకంలోని అంకె దాకా బిగించండి. లేకపోతే పొడవాటి పానాతో చేతి బలం పూర్తిగా పెట్టి బిగించి, అదే రోజు తెలిసిన మెకానిక్ దగ్గర టార్క్ రెంచ్‌తో సరిచూపించండి. పానా మీద కాలితో తొక్కొద్దు, మరలు చెడతాయి.

బిగించాక గీత దగ్గర మళ్లీ కొలవండి. మారితే 7వ మెట్టుకే వెనక్కి వెళ్లాలి. నాకూ ఇప్పటికీ కొన్నిసార్లు రెండుసార్లు చేయాల్సి వస్తుంది. చివరగా ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి చైన్ వేలికి ఇంకా కొంత లొంగుతోందో లేదో చూడండి.

## 10. బ్రేకును మరిచిపోవద్దు

చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్ కూడా లాగబడుతుంది. సరిచేయకపోతే బ్రేకు పట్టేసి డ్రమ్ము వేడెక్కుతుంది. మీరు నట్టును వెనక్కి తిప్పి వదిలేసి ఉంటే పెడల్ కిందిదాకా పోతుంది. హనుమంతవాక నుంచి కిందికి దిగుతున్నప్పుడు తెలుసుకోవాల్సిన విషయం కాదిది.

- పెడల్ ఆట (బ్రేకు పట్టేముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) పుస్తకంలో చెప్పినంత ఉందా? చాలా బండ్లకు 20 నుంచి 30 మి.మీ.
- పెడల్ వదిలాక చక్రం రాపిడి లేకుండా తిరుగుతోందా?
- పెడల్ నొక్కగానే వెనక లైటు వెలుగుతోందా? లేకపోతే స్విచ్చి నట్టు సరిచేయండి
- డిస్క్ బ్రేకు అయితే, బయల్దేరే ముందు పెడల్ రెండు మూడుసార్లు నొక్కి గట్టిగా ఉందో చూడండి

## 11. ఆయిల్

కింది వరసకు లోపలి వైపు, రోలర్లకు పలకలకు మధ్య సందుల్లో పడేలా వేయండి. చక్రం తిరిగేటప్పుడు ఆ విసురుకు ఆయిల్ లోపలి నుంచి బయటికి పాకుతుంది. పైపైన పోసింది టైరు మీదికి చిమ్ముతుంది. అరగంట ఆగి, మిగులును తుడవండి. టైరు మీద, డిస్క్ మీద చుక్క పడినా సబ్బునీళ్లతో కడిగేదాకా బండి తీయొద్దు.

రాత్రి ఆయిల్ వేసి పొద్దున బండి తీయడం అన్నిటికంటే మంచిది. మామూలుగా 500 కిలోమీటర్లకు ఒకసారి శుభ్రం చేసి ఆయిల్ వేయాలి. వానలో తడిస్తే, భీమిలి దాకా సముద్రపు గాలిలో తిరిగొస్తే కిలోమీటర్ల లెక్క చూడకండి. మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక ఆయిల్ వేయండి.

## 12. తర్వాత వచ్చే ఇబ్బందులు, వాటి మందు

సన్నటి కూత, బండి బరువుగా లాగడం: చైన్ బిగుతు ఎక్కువైంది. వెంటనే ఆపి వదులు చేయండి.

టకటకమని కవర్‌ను తగలడం: వదులు చోటు మిగిలింది. బిగుతు చోటు కొలత సరిగానే ఉండి, రెండు చోట్ల మధ్య తేడా 10 మి.మీ. దాటితే చైన్ సెట్టు మార్చాల్సిందే.

బండి ఒక పక్కకు లాగడం: చక్రం వంకరగా ఉంది. 8వ మెట్టు మళ్లీ చేయండి.

రెండు రోజులకే వదులు కావడం: ఇరుసు నట్టు జారిందేమో చూడండి. అది గట్టిగానే ఉంటే చైన్ అరిగిపోయింది.

క్లిప్పు లింకు: మీ చైన్‌కు క్లిప్పు ఉంటే దాని మూసిన వైపు చైన్ ముందుకు పరుగెత్తే దిశలో ఉండాలి. తెరిచిన నోరు ముందుకుంటే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు. సందేహంగా ఉంటే కొత్త క్లిప్పు వేయించండి.

## 13. బయటికి తీసేముందు, తీశాక

- ఇరుసు నట్టు బిగించారా, కాటర్ పిన్ పెట్టారా?
- బ్రేకు కడ్డీ నట్టు, రెండు లాక్ నట్లు?
- నేల మీద పానా గానీ వాషర్ గానీ మిగిలిందా?
- చక్రం మూడు చుట్లు తిప్పితే ఎక్కడైనా పట్టేస్తోందా?

ఇరుసు నట్టు మీద నుంచి స్వింగార్మ్ మీదికి మార్కర్‌తో ఒకే గీత గీయండి. నట్టు కదిలితే గీత విరిగి కనబడుతుంది. మొదట కాలనీలోనే నెమ్మదిగా రెండు రౌండ్లు తిరిగి, బ్రేకు వేసి చూసి, తర్వాత మెయిన్ రోడ్డు ఎక్కండి. 50 కిలోమీటర్లు నడిచాక ఆ గీతను మళ్లీ చూడండి.

సెల్లార్ గోడకు తగిలించిన క్యాలెండర్ మీద తేదీ, మీటరు అంకె, కొలత రాసి పెట్టండి. మళ్లీ కొలిచేటప్పుడు అదే స్టాండు, అదే స్కేలు వాడండి. బిగుతు చోటును మాత్రం కొత్తగా వెతకండి. అది జరుగుతూ ఉంటుంది.